తెల్లవారకముందే రగిలే బొగ్గులు

ఈ నెల మన శీర్షికలో థాయిలాండ్ దేశపు వీధి పలహారం ఒకదానిని గూర్చి చెప్పుకుందాం. వంట గూర్చి వ్రాద్దామని కూర్చుంటే, అది ఆ వంట చేసే మనుషుల దగ్గరకు లాక్కుపోయింది. అందుచేత ఈసారి కొంచెం పొడుగైంది. ఓపికతో చదవండి.

థాయిలాండ్ రాజధాని బ్యాంకాక్‌లో ఉదయం ఐదున్నర, ఆరు గంటలయ్యేసరికి వీధి మూలల్లో సన్నని పొగ లేస్తుంది. స్తంభాల మీద నడిచే రైలు స్టేషన్ల మెట్ల క్రింద, బస్సు ఆగే చోట, బడి గేటు ఎదుట, ఆసుపత్రి గోడ ప్రక్కన, పడవ దిగే రేవులో, ఎక్కడ జనం పనికి పోవడానికి గుమిగూడుతారో అక్కడ ఒక తోపుడు బండి ఉంటుంది. బండి మీద పొడవాటి రేకు కుంపటి. అందులో బొగ్గులు. వాటి మీద వెదురు పుల్లలకు గ్రుచ్చిన పంది మాంసపు ముక్కలు వరుసగా పేర్చి ఉంటాయి. వాటిని తిప్పుతూ, కొబ్బరిపాలు పూస్తూ, మధ్యమధ్య విసనకర్రతో విసరుతూ ఒకరు నిలబడి ఉంటారు. చాలా బండ్ల దగ్గర అది ఒక స్త్రీ. వచ్చినవారు “మూడు పుల్లలు, ఒక అన్నం” అంటారు. ఆమె పుల్లలు ఒక సంచిలో, చిన్న అన్నం పొట్లం ఒక సంచిలో వేసి చేతికిస్తుంది. నిమిషం పట్టదు. కొన్నవారు బస్సులోనో, ఆఫీసు బల్ల దగ్గరో, నడుస్తూనో తినేస్తారు. తెల్లవారుజామున భిక్షకు వచ్చే బౌద్ధ భిక్షువుల పాత్రలలో వేయడానికి కొనేవారు కూడ అనేకులు.

దీనిని అక్కడ ‘మూ పింగ్’ అంటారు. మూ అంటే పంది, పింగ్ అంటే నిప్పుల సెగ మీద కాల్చినది. దానితో తినే అన్నం ‘ఖావ్ నియావ్’, అనగా జిగురు అన్నం. ఒకప్పుడు 5 బాత్‌లకు దొరికిన పుల్ల ఈ మధ్య సంవత్సరాలలో చాలాచోట్ల 10 బాత్‌లయింది. మన లెక్కలో పాతిక రూపాయలకు అటూ ఇటూ. అన్నం పొట్లానికి కూడ సుమారు అంతే వేసుకుంటే, 40 బాత్‌లతో పనివాడు మధ్యాహ్నం వరకు కడుపు మాట మరచిపోవచ్చు.

ఉదయమే మాంసమా అని మీలో కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. మన ఇండ్లలో మాంసమంటే ఆదివారం ఆరాధన ముగిసి వచ్చాక పొయ్యి మీద కెక్కేది. అక్కడ పలహారానికీ భోజనానికీ మధ్య మనంత గట్టి గీత లేదు. ప్రొద్దున్నే అన్నం, మాంసం, పులుసు తినడం వారికి వింత కాదు. ఇక పంది మాంసం మాట. మన సంఘాలలో తినేవారున్నారు, ముట్టనివారున్నారు. తిననివారి మనస్సాక్షితో నాకు వాదం లేదు. వారు ఇదే మసాలాతో కోడి మాంసం కాల్చుకోవచ్చు. థాయిలాండ్‌లో కూడ కోడి పుల్లలు కాల్చి అమ్మే బండ్లు ఉన్నాయి.

దీనిని చాలామంది ‘సతాయ్’ అనుకుంటారు. కాదు. సతాయ్‌లో పసుపు, మసాలా పొడి ఉంటాయి, ప్రక్కన వేరుశనగ పచ్చడి పెడతారు. మూ పింగ్‌లో పసుపు లేదు, వేరుశనగ లేదు. చట్నీ కూడ తప్పనిసరి కాదు. కావాలనేవారికి ఎండుమిరప కారం, వేయించి దంచిన బియ్యపు పొడి, చేపల ఊట, చింతపండు కలిపిన ‘జేవ్’ అనే కారం ఇస్తారు. ప్రొద్దుటిపూట చాలామంది అది కూడ అడగరు. మాంసం తియ్యగా, ఉప్పగా, కొంచెం పొగ వాసనతో ఉంటుంది. అదే దాని రుచి.

ఆ రుచికి మూలం మూడు వస్తువులు: కొత్తిమీర వేళ్ళు, వెల్లుల్లి, తెల్ల మిరియాలు. థాయి వంటవారు ఈ మూడింటిని ‘ముగ్గురు నేస్తాలు’ అంటారు. రోటిలో వేసి మెత్తగా నూరుతారు. కొత్తిమీర కట్ట తెచ్చి వేళ్ళు కోసి పెంట మీద పారవేసే మనకు ఈ మాట ఆశ్చర్యంగా ఉంటుంది. ఆకులో కన్న వేరులో వాసన గాఢంగా ఉంటుంది, పైగా ఎంత కాల్చినా నిలుస్తుంది. ఆ ముద్దలో తాటి బెల్లమో కొబ్బరి బెల్లమో, ‘నామ్ ప్లా’ అనే చేపల ఊట, సోయా సాస్, ఆయిస్టర్ సాస్ కలుపుతారు. నామ్ ప్లా అంటే చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన నీరు. వాసన మనకు కొత్త. రుచి మాత్రం వంటలో కలిసిపోతుంది.

మాంసం జబ్బ దగ్గరిది లేక మెడ దగ్గరిది తీసుకుంటారు. కొవ్వు కొంచెం ఉండాలి. లేకపోతే పుల్ల మీద ఎండి చెక్క అవుతుంది. పలుచగా కోసి, మసాలాలో ఊరబెట్టి, పుల్లకు గ్రుచ్చేటప్పుడు చివర ఒక చిన్న కొవ్వు ముక్క పెడతారు. అది సెగకు కరిగి క్రింది ముక్కలను తడుపుతుంది. కాల్చేటప్పుడు పూసే చిక్కని కొబ్బరిపాల పని కూడ అదే. బెల్లం ఉన్న మాంసం మంట మీద క్షణంలో మాడుతుంది గనుక మంట పనికిరాదు, బూడిద కమ్మిన బొగ్గు కావాలి. నిదానంగా, పదే పదే త్రిప్పుతూ కాల్చాలి. ఓపిక లేనివారి బండి దగ్గర పుల్ల పైన నలుపు, లోపల పచ్చి.

ఇప్పుడు ఆ అన్నం సంగతి. నన్నడిగితే ఈ పలహారంలో అసలు విశేషం మాంసం కాదు, అన్నమే. బియ్యంలో రెండు రకాల పిండిపదార్థాలుంటాయి. ఒకటి అమైలోజ్, రెండవది అమైలోపెక్టిన్. అమైలోజ్ ఎక్కువైతే అన్నం పొడిపొడిగా వస్తుంది. జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు లేనేలేదు. అందుచేత మెతుకు మెతుకును అంటుకొని ఉంటుంది. దీనిని ఎసట్లో వేసి వండరు. రాత్రంతా నానబెట్టి, ప్రొద్దున నీరు వడగట్టి, కోన ఆకారంలో అల్లిన వెదురు బుట్టలో పోసి, మరిగే నీటి కుండ మూతి మీద నిలబెట్టి ఆవిరికి ఉడికిస్తారు. ఇరవై, ముప్పై నిమిషాలు. మధ్యలో బుట్టను ఎగరవేసి అన్నం ముద్దను తలక్రిందులు చేస్తారు. ఉడికాక పళ్ళెంలో పరచి ఆవిరి పోనిస్తారు. లేకపోతే చెమ్మగిల్లి పాడవుతుంది. ఇంట్లో తినేవారు ‘క్రటిప్’ అనే మూత ఉన్న వెదురు బుట్టలో పెట్టుకుంటారు. పొలానికి వెళ్ళేటప్పుడు దానిని భుజానికి తగిలించుకొని పోతారు.

ఈ అన్నానికి పళ్ళెం అక్కరలేదు, గరిటె అక్కరలేదు, పులుసు అక్కరలేదు. వ్రేళ్ళతో చిన్న ముద్ద తీసి, ఉండ చేసి, మాంసంతో నోట్లో వేసుకోవడమే. వ్రేళ్ళకు కూడ అంతగా అంటదు. చల్లారినా చాలాసేపు మెత్తగానే ఉంటుంది. పొలం గట్టున కూర్చొని తినేవాని కోసం పుట్టిన అన్నం అది. పట్నంలో బస్సు పట్టుకొని నిలబడి తినేవానికి కూడ సరిగ్గా సరిపోయింది.

ఆ అన్నం పట్నానికి ఎలా వచ్చింది? బ్యాంకాక్ చుట్టుప్రక్కల మధ్య మైదానపు జనం తినేది మామూలు అన్నం. జిగురు అన్నం దేశానికి ఉత్తరాన ఉన్నవారిది, ముఖ్యంగా ఈశాన్యాన ఉన్న ‘ఈసాన్’ వారిది. ఈసాన్‌లో 20 జిల్లాలున్నాయి (వారు రాష్ట్రాలంటారు). దేశ జనాభాలో సుమారు మూడోవంతు అక్కడిది. లావోస్ దేశపు భాషకు దగ్గరి భాష మాట్లాడతారు. అది పీఠభూమి. ఇసుక నేలలు, కొన్నిచోట్ల ఉప్పు తేలిన నేలలు. కాలువలు తక్కువ, వాన పడితేనే వరి. సంవత్సరానికి ఒకే పంట. 1977లో అక్కడి ప్రభుత్వ శాస్త్రజ్ఞులు పేరుపొందిన సువాసన వరికి గామా కిరణాలు సోకించి ‘ఆర్.డి. 6’ అనే జిగురు వరి రకాన్ని విడుదల చేశారు. ఈసాన్ రైతులు దానిని బాగా పట్టుకున్నారు. తిండి గింజలు దొరికాయి గాని చేతిలో డబ్బు ఆడటం వేరే మాట. ఒక పంటతో పిల్లల చదువు, అప్పు, వైద్యం అన్నీ గడవవు.

1958లో అమెరికా సహాయంతో ఈసాన్ వైపు పెద్ద రోడ్డు పడింది. ‘స్నేహ మార్గం’ అని దానికి పేరు. ఆ రోడ్డు మీదుగా ధాన్యం, కలప పట్నానికి వెళ్ళాయి. వాటి వెనుకనే మనుషులు వెళ్ళారు. మొదట కోత అయ్యాక పోయి, నాట్లకు తిరిగి వచ్చేవారు. తరువాత తిరిగి రావడం తగ్గింది. బ్యాంకాక్‌లో టాక్సీ నడిపేవారిని, ఇల్లు కట్టే కూలీలను, ఇండ్లలో పనిచేసే అమ్మాయిలను, బండ్లు పెట్టుకొనేవారిని అడిగితే చాలామంది చెప్పే ఊరు ఈసాన్‌దే. ఒకప్పుడు జిగురు అన్నం తినేవాడంటే పల్లెటూరివాడని పట్నం వారు నవ్వేవారు. నేడు ఆ పట్నమే ప్రొద్దున్నే ఆ అన్నం కోసం బండి దగ్గర వరుస కడుతుంది.

బండి నడిపే స్త్రీ దినం ఎలా గడుస్తుందో చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఆ పనికి పట్టే వేళలు అవి. మధ్యాహ్నం బజారుకు వెళ్ళి మాంసం తెచ్చుకోవాలి. కోయడం, నూరడం, ఊరబెట్టడం సాయంత్రం వరకు. గ్రుచ్చడం అన్నిటికంటే పెద్ద పని. రోజుకు 300 పుల్లలు అమ్మాలంటే 300 గ్రుచ్చాలి. ఒక్కొక్కటి అర నిమిషం అనుకున్నా రెండున్నర గంటలు. వ్రేళ్ళు గుచ్చుకుంటాయి, కొవ్వుకు జారతాయి. బియ్యం నానబోసి రాత్రి ఎనిమిదింటికి పడుకుంటే మరల రెండున్నర, మూడింటికి లేవాలి. బొగ్గు రాజేయాలి, అన్నం ఆవిరికెక్కించాలి, బండి తోసుకొని పోవాలి. ఐదున్నర నుండి తొమ్మిది వరకు బేరం. తొమ్మిది దాటితే ఆఫీసులు మొదలవుతాయి, జనం పలచబడతారు. మిగిలిన పుల్లలు ఇంటివారికే. వాన పడిన రోజున ఎక్కువ మిగులుతాయి.

ఈ మధ్య సంవత్సరాలలో కొందరు ఈ గ్రుచ్చే పని మానుకున్నారు. ఊరబెట్టి, గ్రుచ్చి, గడ్డకట్టించిన పుల్లలను కార్ఖానాలవారు సరఫరా చేస్తున్నారు. తెచ్చి కాల్చి అమ్మడమే. నిద్ర రెండు గంటలు ఎక్కువ దొరుకుతుంది, లాభం తగ్గుతుంది. పాత కొనుగోలుదార్లు రుచిలో తేడా పట్టేస్తారని అంటారు. నిద్రను లాభంలో వేసుకోవాలా, నష్టంలో వేసుకోవాలా అన్నది బండి నడిపేవారే చెప్పాలి. నేనైతే వారిని తప్పు పట్టను.

లాభం ఎంత? కాగితం మీద లెక్క వేసి చూశాను. పుల్లకు 25 నుండి 30 గ్రాముల మాంసం అనుకుంటే, కిలోకు 33 నుండి 40 పుల్లలు వస్తాయి. పుల్ల 10 బాత్‌ల చొప్పున 330 నుండి 400 బాత్‌లు. మాంసం కిలో 150 ఉంటే 180 నుండి 250 మిగులుతుంది. అందులో నుండి బెల్లం, సాస్‌లు, కొబ్బరిపాలు, బొగ్గు, వెదురు పుల్లలు, సంచులు, చోటుకు అద్దె ఉంటే అద్దె, బండికి తెచ్చిన అప్పు. ఆపైన మిగిలినది ఆమె కూలి. అక్కడ బండ్లవారికి అప్పిచ్చేవారు హెల్మెట్ పెట్టుకొని మోటారు సైకిళ్ళ మీద ప్రతిదినం వసూలుకు వస్తారు గనుక వారికి ‘హెల్మెట్‌వాళ్ళు’ అనే పేరే స్థిరపడింది. నెలకు నూటికి ఇరవై వడ్డీ వారి దగ్గర వింత కాదు. ఈ మాట మన పల్లెల్లో ఎవరికీ వివరించనక్కరలేదు.

2022 జనవరిలో ఆ లెక్క తలక్రిందులయింది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జ్వరం తమ దేశంలో ఉన్నదని థాయి ప్రభుత్వం అప్పుడు ప్రకటించింది. అంతకు ముందు నుండే పందులు చస్తున్నాయని పెంపకందార్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఈ జ్వరం మనుషులకు అంటదు గాని పందులకు సోకితే దాదాపు బ్రతకవు. పది, ఇరవై పందులు పెంచుకొనే చిన్న రైతులు దొడ్లు ఖాళీ చేసుకొని కూర్చున్నారు. మాంసం కిలో 200 బాత్‌లు దాటింది. పై లెక్కలో 150 తీసి 200 పెట్టి చూడండి. కిలోకు 50 బాత్‌లు, అనగా కూలి నుండి ఊడిపోయినదే. పోనీ ధర పెంచుదామా అంటే, 10 బాత్‌ల పుల్ల 12 చేస్తే ప్రొద్దున ఐదు నిమిషాల హడావిడిలో చిల్లర ఎవరు చూస్తారు? ప్రక్క బండి 10కే అమ్మితే బేరం అటు పోతుంది. కొందరు ధర పెంచారు, కొందరు ముక్క చిన్నది చేశారు. కొన్నవారు చూచారు, ఊరకున్నారు. ఆ జ్వరం మన దేశంలో 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదట కనబడింది. పందులు పెంచేవారు హోటళ్ళ ఎంగిలి తిండిని బాగా మరిగించకుండ వాటికి పెట్టకూడదని చెప్పేది అందుకే.

ధర ఒక కష్టమైతే, నిలబడే చోటు మరొక కష్టం. 1997 జూలై 2న బాత్ విలువను ప్రభుత్వం వదిలివేసినప్పుడు డాలరుకు 25 ఉన్న బాత్ కొన్ని నెలల్లో 50 దాటిపోయింది. ఉద్యోగాలు పోయినవారు లక్షలు. చాలామంది కాలిబాట మీదికి వచ్చి ఏదో ఒకటి వండి అమ్ముకున్నారు. సిరివత్ అనే షేర్ల వ్యాపారి దివాలా తీసి, మెడకు పెట్టె తగిలించుకొని వీధుల్లో శాండ్‌విచ్‌లు అమ్మిన సంగతి లోకమంతా తెలిసింది. ఆనాడు కాలిబాట ఆ పట్నాన్ని మోసింది. అయితే 2014లో సైనిక ప్రభుత్వం వచ్చిన తరువాత, కాలిబాటలు నడిచేవారికి తిరిగి ఇవ్వాలని నగరపాలకులు పూనుకున్నారు. బండ్లకు అనుమతి ఉన్న చోట్లు చాలావరకు రద్దయ్యాయి. 2017 ఏప్రిల్‌లో వీధి తిండి అంతా తీసివేస్తారని వార్త వచ్చి గగ్గోలు లేచింది. యాత్రికులు వచ్చే రెండు మూడు పేరున్న వీధులను ఉంచుతామని అధికారులు సర్ది చెప్పారు. అదే సంవత్సరం డిసెంబరులో మిషెలిన్ వారు బ్యాంకాక్‌కు మొదటి గైడు తెచ్చి, జే ఫై అనే వృద్ధురాలు బొగ్గుల మీద చేసే పీతల ఆమ్లెట్‌కు నక్షత్రం ఇచ్చారు. ఒక చేత్తో నక్షత్రం, ఒక చేత్తో జరిమానా. 1992 నాటి పరిశుభ్రత చట్టం ప్రకారం అనుమతి లేని చోట అమ్మితే 2,000 బాత్‌ల వరకు వేయవచ్చు. మన లెక్క ప్రకారం అది ఎన్ని కిలోల మాంసం మీద మిగులో మీరే చూడండి.

నడిచేవారి ఫిర్యాదు అబద్ధమని నేను అనను. చక్రాల కుర్చీలో వెళ్ళేవారికి, కర్రపట్టుకొని నడిచే ముసలివారికి బండి అడ్డమే. నూనె కారి కాలిబాట జారుతుంది. మురుగు కాలువలో కొవ్వు గడ్డకడుతుంది. కాని ప్రొద్దున మూడు గంటలు ఉండి పోయే ఒక బండికి గీత గీసి చోటు చూపడం పట్నానికి చేతకాని పనేమీ కాదు. తీసివేయడం తేలిక గనుక తీసివేశారనిపిస్తుంది.

ఇంట్లో చేసుకుందామనుకొనేవారికి ఇప్పుడు కొలతలు చెబుతాను. కిలో మాంసానికి నాలుగైదు కొత్తిమీర మొక్కల వేళ్ళు (మట్టి లేకుండ బాగా కడిగి), పది వెల్లుల్లి రేకలు, ఒక చెంచా తెల్ల మిరియాలు. తెల్లవి దొరకకపోతే నల్లవే వేయండి, కొంచెం ఘాటెక్కువ. నూరిన ముద్దలో మూడు పెద్ద చెంచాల తాటి బెల్లం పొడి, రెండు పెద్ద చెంచాల సోయా సాస్, అర గ్లాసు చిక్కటి కొబ్బరిపాలు. చేపల ఊట దొరకదు గనుక సరిపడ ఉప్పు. ఆయిస్టర్ సాస్ లేకపోయినా నష్టం లేదు. మాంసం పీచుకు అడ్డంగా, పలుచగా కోయండి. వెదురు పుల్లలు అరగంట నీళ్ళలో నానవేయండి, లేకపోతే అవే ముందు కాలతాయి. ఫ్రిజ్ ఉన్నవారు రాత్రంతా ఊరబెట్టవచ్చు. లేనివారు రెండు గంటలు చాలించండి. వేసవిలో మాంసాన్ని బయట రాత్రంతా ఉంచడం రుచి కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ప్రాణం మాట ఎత్తాను గనుక ఇంకొంచెం వినండి. థాయిలాండ్ ఉత్తర, ఈశాన్య భాగాలలో పచ్చి పంది మాంసాన్ని, రక్తాన్ని కారంతో కలిపి తినే అలవాటు కొందరికి ఉన్నది. దాని వలన స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే సూక్ష్మజీవి మెదడు పొరలకు చేరి జ్వరం వస్తుంది. బ్రతికినవారిలో అనేకులకు చెవుడు మిగులుతుంది. అక్కడ దానిని ‘చెవుడు జ్వరం’ అనే పిలుస్తారు. మన వైపు భయం వేరొకటి. ఊరిలో తిరిగి మలం తినే పందిలో బద్దెపురుగు పొదలు ఉంటాయి. ఆ మాంసం సరిగ్గా ఉడకకుండ తింటే మన ప్రేగులో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గ్రుడ్లు మలంలో బయటపడి, కడగని చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా, పచ్చి కూరల ద్వారా వేరొకరి కడుపులో పడితే మెదడుకు చేరి మూర్ఛ తెప్పిస్తాయి. మాంసం ముట్టని ఇంటి పిల్లకు కూడ వస్తుంది. మూర్ఛ వచ్చిన బిడ్డను గాలి సోకిందని త్రిప్పుతూ కాలయాపన చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి, మందులున్నాయి. మాంసం విషయంలో గుర్తు ఒకటే. అన్నిటికంటే మందమైన ముక్కను పుల్ల నుండి తీసి కోసి చూడండి. లోపల గులాబి రంగు గాని ఎర్రని నీరు గాని ఉంటే మరల నిప్పుల మీద పెట్టండి. పచ్చి మాంసం పట్టిన చేతిని, కత్తిని, పళ్ళేన్ని కడగకుండ కాలిన మాంసం దగ్గరకు తేవద్దు. మాడిన నల్లటి అంచులు పిల్లలకు పెట్టకుండ గిల్లివేయండి.

మరల ఆ బండి దగ్గరకు వద్దాం. ఆమె పిల్లలు ఎక్కడున్నారు? చాలామంది విషయంలో జవాబు ఒకటే: ఊళ్ళో, అమ్మమ్మ దగ్గర. ఈసాన్ పల్లెల్లో తాత, అమ్మమ్మ, మనవలు మాత్రమే ఉండి, మధ్య తరం లేని ఇండ్లు ఎన్నో ఉన్నాయి. వాటిని గూర్చి అక్కడి పరిశోధకులు ఎన్నో ఏండ్లుగా వ్రాస్తున్నారు. పట్నంలో ఒక చిన్న అద్దె గది, తెల్లవారుజామున మూడింటికి లేచి పోయే తల్లి. పిల్లను ఎవరు బడికి పంపుతారు? అందుచేత ఊళ్ళో వదలుతారు. నెలనెలా డబ్బు పంపుతారు, రాత్రి పడుకొనే ముందు ఫోనులో ముఖం చూచుకుంటారు. బ్యాంకాక్‌లో బడి గేటు ఎదుట నిలబడి పరాయి పిల్లల చేతికి పుల్లలు అందించే తల్లి తన బిడ్డ ప్రొద్దున ఏమి తిన్నదో ఫోనులో అడగవలసిందే. పాలమూరు నుండి, సిరిసిల్ల నుండి, కడప, కోనసీమల నుండి దూరదేశాలకు, దూర పట్నాలకు మనుషులను పంపిన ఇండ్లవారు ఈ పత్రిక చదువుతున్నారు. వారికి ఈ భాగం నేను వ్రాయకపోయినా తెలుసు.

ఏప్రిల్ 13, 14, 15 తేదీలు థాయివారి కొత్త సంవత్సరపు పండుగ, సోంగ్‌క్రాన్. దానికి రెండు రోజుల ముందు బ్యాంకాక్ ఉత్తరపు బస్సుస్టాండు మో చిత్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. మూటలు, ఫ్యాన్లు, బొమ్మలు, కొత్త బట్టలు. ఈసాన్ అంతా ఇంటికి పోతున్నది. ఆ వారం పట్నంలో వీధి మూలలు బోసిపోతాయి. బండి నిలిచే చోట కాలిబాట మీద మసి, జిడ్డు మరక మాత్రం ఉంటుంది. ఉదయం పలహారం దొరకక పట్నంవారు విసుక్కుంటారు.

ఊళ్ళో ఆమె ఆ మూడు నాలుగు రోజులు ఆలస్యంగా లేస్తుంది. అమ్మమ్మే ముందు లేచి అన్నం ఆవిరికెక్కిస్తుంది. పిల్ల తల్లి ప్రక్కనే పడుకొని ఉంటుంది. తిరుగు బస్సుకు వెళ్ళే రోజున ముసలామె తమ పొలంలో పండిన జిగురు బియ్యం మూట కట్టి ఇస్తుంది. పట్నంలో కొంటే డబ్బు దండగ అంటుంది. ఆ మూట ఒళ్ళో పెట్టుకొని రాత్రంతా ప్రయాణం చేస్తుంది. మరునాటి సాయంత్రం బ్యాంకాక్ గదిలో ఆ బియ్యమే నీళ్ళలో నానుతుంది.